తాళ్లు కట్టిన పెంకుటిల్లు

నా చిన్నప్పుడు, యుద్ధం జరుగుతున్న రోజుల్లో, మా బెంగుళూరు మొత్తానికి తాళ్లతో కట్టేసిన ఇల్లు మాదొక్కటే. "మీ ఇల్లు పారిపోతుందా?" అని బడిలో పిల్లలు అడిగేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టుండేది. ఆ తాళ్లు మావి కావని, మా పెరటివైపు వాటాలో అద్దెకుండే బందరు మామ్మవని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినిపించుకునేవారు కాదు.

మామ్మ కొడుక్కి ఇక్కడ ఒక ఫ్యాక్టరీలో గుమాస్తా ఉద్యోగం దొరికితే తల్లీకొడుకులిద్దరూ సముద్రం ఒడ్డు వదిలి మా ఊరు వచ్చారు. అద్దెకు దిగేవాళ్లెవరైనా ముందు బావి చూస్తారు, వంటిల్లు చూస్తారు. మామ్మ మాత్రం పెరట్లో నిలబడి చాలాసేపు కప్పు చూసింది. "అన్నయ్యగారూ, తుఫానుకి దీన్ని దేనితో కడతారండీ?" అని అడిగింది. మా తాతయ్యకు ఆ మంగళూరు పెంకులంటే ప్రాణం. సొంత బిడ్డకు ఎవరో వంక పెట్టినట్టయింది ఆయనకు. "మా ఊర్లో తుఫాను యాడుండాదమ్మా? సముద్రమే లేదు కదా!" అన్నాడు. "గాలికి సముద్రంతో పనేముందండీ, అదే వస్తుంది" అంది మామ్మ.

ఆ వారంలోనే ఆవిడ కొడుకు వెళ్లి బొటనవేలంత లావు కొబ్బరితాళ్లు తెచ్చి, కప్పు మీదుగా రెండు వరసలు వేసి, కొసలు నేలలో పాతిన గుంజలకు బిగించి కట్టాడు. "అమ్మ మాట, మామయ్యగారూ" అని నసిగాడు పాపం. ఆ తాళ్లకు తట్టుకుని నేను రోజుకోసారైనా పడేదాన్ని. తాతయ్య పడ్డాడో లేదో నాకు తెలియదు గానీ, ఆయన పంచె రెండుసార్లు చిరిగింది.

తాళ్లు బిగిసేకొద్దీ పెంకులు ఒత్తుకుని పగిలేవి. వాన పడితే ఇల్లు కారేది. మేస్త్రీ వచ్చి పెంకులు మార్చాలంటే తాళ్లు విప్పాలి కదా, ఆ కాసేపూ మామ్మ ఇంట్లో ఉండకుండా నిమ్మచెట్టు కింద కూర్చునేది. "తుఫాను చెయ్యాల్సిన పనంతా ఈ తాళ్లే చేస్తా ఉండాయి" అని తాతయ్య గొణిగేవాడు.

ఇది చాలదన్నట్టు బందరు నుంచి స్నేహితులు వస్తూనే ఉండేవారు. ఉద్యోగం కోసం ఒకరు, వైద్యం కోసం ఒకరు, మీ ఊరు చల్లగా ఉంటుందట కదా అని ఊరికే ఒకరు. ఎంతటి పెద్దమనిషైనా సరే, కాళ్లు కడుక్కోకముందే పెరట్లోకి వెళ్లి, పంచె ఎగగట్టి, తాళ్లు ఇంకాస్త బిగించి, "ఢోకా లేదండీ మామ్మగారూ" అని చెప్పాకే లోపలికి వచ్చేవాడు. ఆ మర్నాడు మళ్లీ మేస్త్రీకి కబురు వెళ్లేది. వాళ్లు తెచ్చే బందరు లడ్ల కోసం నేను వాకిట్లో కాపలా కాసేదాన్ని గానీ, సముద్రం పక్కన పుట్టినవాళ్లందరికీ కాస్త తిక్క ఉంటుందని మాత్రం తీర్మానించేశాను.

ఒకసారి హొసకోటె నుంచి తాతయ్య పాత స్నేహితులిద్దరు ఆదివారం భోజనానికి వస్తున్నామని కబురు పెట్టారు. ఇల్లు కట్టినప్పుడు పెంకులు చూసి మెచ్చుకున్నవాళ్లు వాళ్లే. "ఇంటికి పగ్గం వేసినావేమప్పా అని నవ్వుతారు" అంటూ తాతయ్య అన్నం కూడా సరిగా తినలేదు. తాళ్లు తియ్యమని మామ్మకు చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. తాతయ్య పరువూ నిలిచి, మామ్మ భయమూ పోయే ఉపాయం నాకు తట్టింది. గురువారం మధ్యాహ్నం ఎవరూ చూడకుండా వెనకవైపు ముడులు విప్పేసి, కొసలు గుంజలకు ఊరికే చుట్టి పెట్టాను. ఆదివారం పొద్దున గంతులేసుకుంటూ వెళ్లి, "మామ్మా, మూడు దినాలుగా ముడే లేదు! కప్పు యాడికన్నా పోయిందా?" అన్నాను. మెచ్చుకుని లడ్డు పెడుతుందనుకున్నాను.

మామ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె ఈడ్చుకొచ్చి, నిమ్మచెట్టు కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది. "నన్ను రైలెక్కించరా, బందరు పోతాను" అంది కొడుకుతో. అతను ఎంత బతిమాలినా వినలేదు. ఆవిడను ఒంటరిగా పంపలేడు, వెంట వెళితే దొరక్క దొరికిన ఉద్యోగం పోతుంది. తాతయ్య వచ్చి ఏమైందని అడిగితే అతను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. మామ్మ నా ఈడున్నప్పుడు తుఫానుకు వాళ్ల ఇంటి కప్పు లేచిపోయిందట. ఆవిడ చెయ్యి పట్టుకుని ఉన్న తమ్ముడు మళ్లీ దొరకలేదట. ఇన్నాళ్లూ ఆ సంగతి మాకు తెలియదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. విప్పింది నేనేనని తాతయ్యతో చెప్పేశాను.

ఆయన తిట్టలేదు. "తుఫాను లేదని నేనూ చెప్తానే ఉండాను కదా పాపా. చూసినోళ్లకు చూడనోళ్లు చెప్పేదేముండాది?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే హొసకోటె స్నేహితుల జట్కా వాకిట్లో ఆగింది. తాతయ్య వాళ్లను కూర్చోమని కూడా అనకుండా జరీపంచె ఎగగట్టి తాడు అందుకున్నాడు. గుంజకు చుట్టి, చూడగానే నవ్వొచ్చేలా ఒక పనికిమాలిన ముడి వేశాడు. విప్పి, అంతకన్నా అధ్వాన్నంగా ఇంకొకటి వేశాడు. మామ్మ చూసీ చూసీ ఉండబట్టలేకపోయింది. "అదేం ముడండీ అన్నయ్యగారూ! దూడ కూడా ఆగదు దానికి" అంటూ పెట్టె మీంచి లేచి వచ్చింది. "అయితే మీరే చెప్పండమ్మా, ఎట్ల వెయ్యాల?" అన్నాడు తాతయ్య, ఏమీ ఎరగనట్టు. ఆవిడ అక్కడే నిలబడి అజమాయిషీ మొదలుపెట్టింది. నవ్వుదామని నోరు తెరిచిన స్నేహితులిద్దరి చేతికీ తాతయ్య చెరో కొసా ఇచ్చి లాగమన్నాడు. కోట్లు చెమటతో తడిసేలా లాగారు. పైన ఫట్ ఫట్‌మని రెండు పెంకులు పగిలాయి. ప్రాణంలాంటి పెంకులు పగిలినా తాతయ్య తల ఎత్తి చూడలేదు.

మామ్మ నాలుగు ముడులూ చేత్తో తడిమి చూసుకుని లోపలికి వెళ్లింది. కొడుకు పెట్టె మోసుకుంటూ వెనకే వెళ్లాడు. సాయంత్రం జట్కా ఎక్కుతూ స్నేహితుల్లో ఒకాయన, తన ఇంటికైతే ఎన్ని బారల తాడు పడుతుందని తాతయ్యను చెవిలో అడిగాడు.

ఎవరి భయాన్నైనా రుజువు చూపించి పోగొట్టాలని ఆ తర్వాత నేను ఏనాడూ ప్రయత్నించలేదు. ఇప్పుడు మా ఆయన ఆటోలో కూర్చున్నాక, "తాళం వేశావా?" అంటారు. వేశాను. తాళంచెవి నా చేతిలోనే ఉంటుంది. మోకాళ్లు వద్దంటాయి, ఆటో అబ్బాయి విసుక్కుంటాడు. అయినా దిగి, గేటు తీసి, మెట్లెక్కి, ఆయనకు వినబడేంత గట్టిగా తాళం లాగి చూసి వస్తాను.