వెనక చక్రాల దడదడ

గేర్ ఆయిల్‌ది కుళ్ళిన వెల్లుల్లి వాసన. ఆష్‌బర్న్‌లో మా గరాజ్ తలుపు ఎత్తగానే ఇప్పటికీ ముందు అదే ముక్కుకి తగులుతుంది. దాని వెనకే హెర్న్‌డన్‌లోని మా పాత ఇంటి డ్రైవ్‌వే, ఎండుటాకుల మీద అట్ట పరుచుకుని కారు కింద వెల్లకిలా పడుకున్న నాన్న, వంటింటి కిటికీలోంచి వచ్చే ఇంగువ పోపు, అన్నీ పిలవకుండానే వచ్చి కూర్చుంటాయి.

నాకు పదేళ్లప్పుడు నాన్న ఆ పాత మజిల్ కారుని పక్కింటి మార్తా ఆంటీ దగ్గర కొన్నాడు. అది జబ్బు చేసి చిన్న వయసులోనే పోయిన వాళ్ళబ్బాయి డానీది. పొడవాటి ముక్కు, పెద్ద ఇంజను, దానితోపాటు ఒక తెగులు: ఆగిన చోటు నుంచి గట్టిగా తొక్కితే చాలు, వెనక చక్రాలు రోడ్డు మీద నిలవకుండా దడదడమని గెంతేవి, సీటు కింద ఎవరో రోకలితో దంచుతున్నట్టుండేది. దీన్ని ఇక్కడ వీల్ హాప్ అంటారు. డానీ కూడా బాగుచెయ్యాలని చూశాడట, కుదరలేదట. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాన్నకి ఒకటే పట్టుదల, ఎలాగైనా బాగుచేసి ఆవిడకి చూపించాలని.

"దిష్టి తగిలుంటుంది, ఓ నిమ్మకాయ తొక్కించండి," అనేది అమ్మ.

"గుళ్ళో తొక్కించాం కదే, అదీ ఎగిరిపోయింది," అనేవాడు నాన్న.

ఆదివారాలు ఖాళీ స్కూలు పార్కింగ్‌లో, పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మడత కుర్చీలో కూర్చుని వెనక చక్రాన్ని చూడటం నా పని. నాన్న టైర్లు మార్చాడు, షాక్ అబ్జార్బర్లు మార్చాడు, గెంతుడు మాత్రం పోలేదు. చివరికి వీడియో తీసి మెల్లగా తిప్పి చూస్తే తెలిసింది: ఇంజను బలానికి వెనక ఇరుసు మెలి తిరుగుతోంది, దాన్ని పట్టి ఉంచాల్సిన కమాను పట్టీలు వంగి ఒక్కసారిగా వదిలేస్తున్నాయి. పట్టీల చివర రబ్బరు బుష్‌లు నలిపితే రాలిపోతున్నాయి. వాటిని కోసి తీసేసి కొత్తవి పెట్టాడు, ఇరుసు తిరక్కుండా రెండు ఇనప బార్లు బిగించాడు. అంతే, గెంతుడు పోయింది.

ఆ సాయంత్రమే మార్తా ఆంటీని ముందు సీట్లో, నన్ను వెనక కూర్చోబెట్టుకుని, మా వీధి చివర నాన్న గట్టిగా తొక్కాడు. ఆవిడ డ్యాష్‌బోర్డు మీద రెండు చేతులూ ఆనించి, కళ్ళు మూసుకుని ఎదురుచూస్తోంది. కారు నున్నగా సాగిపోయింది. ఇంకోసారి అంది. ఇంకోసారీ అంతే.

"రోజూ పొద్దున వాడు పనికెళ్తుంటే నా వంటింట్లోకి ఆ దడదడ వినిపించేది," అంది ఇంగ్లీషులో, మెల్లగా. "మీరు కారు తీసినప్పుడల్లా మళ్ళీ వినేదాన్ని. పర్లేదు. మంచి పనే చేశారు."

నాన్న ఇంటికొచ్చి, చెత్తడబ్బాలోంచి కోసేసిన రబ్బరు ముక్కలన్నీ ఏరి, ఒకదానికొకటి అతుకుతాయేమోనని చూస్తూ కూర్చున్నాడు. అతకలేదు. అంత పెద్ద మనిషి అలా కూర్చోవడం చూస్తే నాకు భయమేసింది.

ఇప్పుడు మార్తా ఆంటీ లేదు, ఆవిడ ఇల్లు పడగొట్టి టౌన్‌హోమ్స్ కట్టారు. అమ్మా లేదు. కారూ నాన్నా నా దగ్గరున్నారు. నాన్నకి చెవులు సరిగ్గా వినపడవు. అయినా ఖాళీ రోడ్డు దొరికితే చాలు, "ఓసారి గట్టిగా తొక్కమ్మా," అంటాడు. తొక్కుతాను. కాసేపు నా మొహంలోకి చూస్తాడు.

"ఏమన్నా వినపడిందా?"

"లేదు నాన్నా."

"ఆ రోజు ఆవిడకీ వినపళ్ళేదు," అని కిటికీ వైపు తిరుగుతాడు.