దొండతీగను కొరికిన పందికొక్కు

ఆర్మూర్‌లో మా పెరట్లో దొండతీగ పెట్టిన మొదటి ఏడాది మా ఆయన దాన్ని ముద్దుగానే చూశాడు. కర్రలు పాతి పందిరి వేసింది ఆయనే. లేతకాయ తెంపి అక్కడే నిలబడి కరకరా నమిలేవాడు కూడా. రెండో ఏడాదికి మొహం తిప్పుకోవడం మొదలైంది. బీర, కాకర అయితే కాపు అయిపోగానే ఎండిపోతాయి. దొండ అట్లా పోయే రకం కాదు. ఒకసారి వేరు దిగిందంటే ఏళ్ల తరబడి కాస్తూనే ఉంటుంది. రెండు రోజులు పట్టించుకోకపోతే కాయలు ఎర్రగా పండి, చిలకలకు కబురు వెళ్తుంది. అందుకని కోసేదాన్ని. కోసినవన్నీ వండేదాన్ని. వేపుడు, పచ్చడి, పల్లీలపొడి వేసిన కూర, ఆఖరికి పప్పులో కూడా.

మా ఆయన పసుపు మార్కెట్‌లో ఒక దుకాణంలో గుమాస్తా. మధ్యాహ్నం డబ్బా మూత తీయకముందే తోటివాళ్లు "దొండకాయే" అని పందెం కాసేవాళ్లట. ఒకరోజు ఇంటికొచ్చి ఖాళీ డబ్బా ఠంగున పెట్టాడు.

"దొండకాయ తింటే తెలివి మందగిస్తదంటరు, ఎరుకేనా?"

"మీకేం ఫికర్? తెలివున్నోళ్లు గదా భయపడాలె," అన్నాను.

ఆ ఆదివారం మోర్తాడ్‌లో మా అక్క ఇంటికి వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేసరికి పందిరి బోసిగా ఉంది. మా ఆయన గుమ్మంలోనే ఎదురొచ్చాడు. ఆ మొహంలో అంత విచారం మా మామ పోయినప్పుడు కూడా చూడలేదు.

"పందికొక్కు కొరికిందే. నేను జూసేసరికే అయిపోయింది. ఇగ ఎండిపోతదని మొత్తం గుంజేసిన."

మొదలు దగ్గర వంగి చూశాను. తెగినచోట కొడవలి పెట్టినట్టు నున్నగా ఉంది. "అయ్యో, గిట్ల చేసిందా!" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. నవ్వు దాచుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకలేదు.

మర్నాడు ఆయన పనికి వెళ్లగానే గోడ అవతలి నుంచి చాచీ పిలిచింది. పక్కింటి ముస్లిం పెద్దావిడ ఆమె, మా ఇంట్లో అందరికీ చాచీనే. రెండు మేకలు పెంచుతుంది.

"నీ పందికొక్కు మస్తు మంచిది బేటీ. తీగంత మోపు గట్టి తెచ్చింది. 'మేకలకెయ్యి చాచీ, మా ఇంట్ల జెప్పకు' అన్నది," అంటూ బోసినోటితో నవ్వింది.

ఆకులు మేకలు తినేశాయి. ముదురు కాడలను మాత్రం చాచీ బకెట్ నీళ్లలో నిలబెట్టి ఉంచింది. దొండను గింజతో కాదు, కాడతోనే పెంచుతారు. ఇద్దరం కూర్చుని జానెడేసి ముక్కలు చేసి, ఆమె వైపు గోడ వెంట వరసగా గుచ్చేశాం.

కొన్నాళ్లు మా ఆయన రాజాలా తిన్నాడు. వంకాయ వండినా, బెండకాయ వండినా "ఎంత మంచిగుందే" అనేవాడు. మధ్యమధ్యలో "పాపం, దొండతీగ" అని నిట్టూర్చేవాడు కూడా.

వానలు పడ్డాయి. నేలలో మిగిలిన పాత దుంప పిలకలు వేసింది. ఆ వెనకే చాచీ గోడ మీదుగా కొత్త తీగలు ఎక్కొచ్చి మా ఖాళీ పందిరిని పట్టుకున్నాయి. పొద్దున నోట్లో బ్రష్ పెట్టుకుని పెరట్లోకి వచ్చిన మనిషి అక్కడే ఆగిపోయాడు.

"ఇదేంది? గోడ మీదికెల్లి గూడ వస్తున్నది!"

"నువ్విచ్చిన మోపే బేటా!" అవతలి నుంచి చాచీ కేకేసింది. "మేకలు అంత తినలే!"

ఆయన నా వైపు చూశాడు. నేను చేతిలోని చీపురు వైపు చూశాను. నోట్లో నురగతోనే నవ్వడం మొదలుపెట్టి, పొలమారి, నీళ్ల గోళెం పక్కన కూలబడ్డాడు.

"అంటే మొదటి దినమే ఎరుకనా?"

"కొంగు తడవలేదని మీకు గనవడలే?"

ఆ పూటే ఒప్పందం చేసుకున్నాం. వారానికి రెండుసార్లకు మించి నేను వండకూడదు. మిగిలిన కాయలు ఆయన మార్కెట్‌లో పంచి రావాలి. ఇప్పుడు పందెం కాసినవాళ్లే సంచులు తెచ్చుకుంటున్నారట.

మొన్న మాక్లూర్ నుంచి మా ఆడబిడ్డ ఆయనకు ఫోన్ చేసి కాడలు అడిగింది. ఆయన చెప్పేది నేను ఉల్లిగడ్డ కోస్తూ వింటున్నాను.

"ముదురు కాడ గావాలె. రెండు కనుపులు మట్టిల, రెండు పైకి. మగతీగ పెట్టినవంటే జన్మల కాయదు. నీకు తెల్వదు గని, ఆదివారం నేనే వచ్చి పెడ్త."

ఫోన్ పెట్టేసి నెమ్మదిగా వంటింట్లోకి వచ్చాడు.

"ఏమే, మగతీగను ఎట్ల గుర్తువట్టాలె?"