దేవ–సాంబలో సగం

తిరువూరు బస్టాండు ఎదుట చెరుకు రసం బండి దగ్గర నిలబడి ఉన్నాను. మే నెల ఎండ. రోడ్డు మీద పడాల్సిన నా నీడ కూడా నన్ను వదిలేసి బండివాడి గొడుగు కిందికి వెళ్ళి కూర్చుంది. గ్లాసు పెదవుల దాకా వచ్చిందో లేదో, పక్కన ఒక ఆటో ఆగింది. డ్రైవరు కూర్చునే జాగా తప్ప మిగతా ఆటో అంతా స్పీకర్లే. మనుషులు ఎక్కాలంటే అవి దయతలిచి జరగాలి. వాటిలోంచి ఒక మగ గొంతు వచ్చింది. బరువైన గొంతు. పైకి వెళ్ళగలిగీ వెళ్ళకుండా, మెట్ల మొదట్లోనే కూర్చుండిపోయిన మనిషిలాంటి గొంతు.

“చేతిలోది లాగినా, గొంతులోది లాగలేవు…”

రసం అలాగే చేతిలో వేడెక్కిపోయింది. ఆ మాటలు రాసింది నేను. పాడింది మా దేవసహాయం మాస్టారు. ఆయన పోయి రెండేళ్ళవుతోంది. ఆటోవాడికి ఆ సంగతి తెలియదు. చెప్పే ఓపిక నాకూ లేదు.

మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు కాబట్టి కాస్త పెద్దది చేసి చెబుతాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదని నా పాఠకులు ఎప్పుడో కనిపెట్టేశారు. మాస్టారు పగలు బడిలో సోషల్ చెప్పేవారు, సాయంత్రం స్టేజీ మీద పాడేవారు. ఆరడుగుల మనిషి. ఆయన చొక్కా ఇస్త్రీ మడత మీద ఉల్లిపాయ పెడితే రెండు ముక్కలయ్యేది. ఆయనకి జోడీ సాంబశివరావు గారు. రెడ్డిగూడెం దగ్గర మామిడి తోటలున్న రైతు. పొట్టి మనిషి, నవ్వితే ముందు పొట్ట నవ్వేది, తర్వాత మొహం అందుకునేది. ఆదివారం పొద్దున ఒకాయన చర్చిలో, శనివారం పొద్దున ఒకాయన గుళ్ళో. మిగిలిన వారమంతా ఇద్దరూ ఒకే స్టేజీ మీద. దాని పేరే దేవ–సాంబ ఆర్కెస్ట్రా. ఆ పేరు వినని ఊరు మా చుట్టుపక్కల ఉందంటే ఆ ఊరికి ఇంకా కరెంటు రానట్టు లెక్క. పెళ్ళివారు ముందు వీళ్ళకి ఫోన్ చేసి, వీళ్ళు ఏ రోజు ఖాళీగా ఉన్నారో కనుక్కుని, ఆ రోజుకే ముహూర్తం తేల్చమని పంతులు గారి కాళ్ళావేళ్ళా పడేవారు. నెమలి ఊరి తిరునాళ్ళలో వీళ్ళ పాట ఎత్తుకుంటే జీళ్ళ కొట్టాయన తూకం మధ్యలో ఆపి, త్రాసు గాల్లో పట్టుకుని నిలబడిపోయేవాడట. ఆ జీళ్ళు చివరికి ఎవరు తిన్నారో చరిత్రకెక్కలేదు.

నేను ఆ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాణ్ణి, అప్పుడప్పుడు పాటలు కట్టేవాణ్ణి. చేరిన రోజున శ్రుతి ఎంత పెట్టమంటారని అడిగాను. శ్రుతి సంగతి తెలియనివాళ్ళు దాన్ని గొంతు కూర్చునే పీట ఎత్తు అనుకోవచ్చు, అంకె పెరిగితే ఎత్తు పెరుగుతుంది. పీట ఎత్తు కుదరకపోతే ఎంత గొప్ప గొంతైనా కాళ్ళు ముడుచుకుని అవస్థ పడుతుంది.

“ఒకటి,” అన్నారు మాస్టారు.

“మీ ఇద్దరికీనా అండి?”

“మాకు వేరే శ్రుతి తెలియదబ్బాయ్,” అన్నారు సాంబశివరావు గారు. పొట్ట నవ్వింది.

ఆ తర్వాత నా కీబోర్డులో శ్రుతి మార్చే బటన్ దుమ్ము పట్టిపోయింది. పల్లవిలో మొదటి పాదం మాస్టారిది, రెండో పాదం సాంబశివరావు గారిది. చరణంలో ఒకరు ఊపిరి పీల్చుకునే చోట రెండోవారు అందుకునేవారు. దగ్గరుండి చూసినవాణ్ణి, ఆ ఇద్దరికీ కలిపి ఒక్క జత ఊపిరితిత్తులే ఉన్నాయని నా నమ్మకం.

విడిపోయింది పెనుగొలనులో, ఒక పెళ్ళి భోజనాల వేళ. పెళ్ళికూతురి మేనమామ గారికి తానూ పాడాలని బుద్ధి పుట్టింది. స్టేజీ ఎక్కి చెయ్యి చాపారు. మాస్టారు చరణం మధ్యలో ఉన్నారు. సాంబశివరావు గారు ఒక్క అడుగు వేసి, మాస్టారి చేతిలోని మైకు లాగి మేనమామ గారి చేతిలో పెట్టారు. ఆయన పాడారు. ఆ పాటకి వంటల దగ్గర పాయసం విరిగిపోయిందని నేను ఎక్కడైనా సాక్ష్యం చెబుతాను. మాస్టారు మాత్రం తన చేతిని చూసుకుంటూ నిలబడ్డారు. మైకు లేదు గానీ వేళ్ళు పట్టుకున్నట్టే ఉన్నాయి. కాసేపటికి దిగి, విస్తరి ముందు కూడా కూర్చోకుండా, రోడ్డెక్కి బస్సు ఎక్కేశారు.

మర్నాడు ఆయన రాలేదు, ఈయన వెళ్ళలేదు. వాడు రావాలని ఈయన, వాడు అడగాలని ఆయన. ఆర్కెస్ట్రా ఆగిపోయిందని ఎవరూ ప్రకటించలేదు. సొమ్మసిల్లినట్టు మెల్లగా కింద కూర్చుంది, మళ్ళీ లేవలేదు. నేను మాస్టారి వైపు మిగిలాను. అందులో గొప్ప ఆదర్శమేమీ లేదు, నా కీబోర్డు ఆయన ఇంట్లో ఉంది.

కొన్నాళ్ళకి మాస్టారే కదిలారు. “ఒరేయ్ భాస్కర్, మనమే సొంతంగా ఒక పాట చేసి యూట్యూబులో పెడదాంరా.”

“దేని మీదండి?”

“దేని మీదైనా సరే. వాడి మీద మాత్రం వద్దు.”

అలా వాడి మీద మొదటి పాట తయారైంది. చేతిలోది, గొంతులోది అనే ఆ పాటలో ఎక్కడా పేరు లేదు. అవసరం కూడా లేదు. తిరువూరు మొత్తం పంచాయతీ కూర్చున్నట్టు కూర్చుని ఒక్కొక్క పదానికీ అర్థం తేల్చింది. సాంబశివరావు గారు ఒకే ఒక్క పాటతో జవాబు చెప్పారు: “పక్క నీడ తొలగింది, ఎండ తెలిసొచ్చింది.” ఇది ఎత్తిపొడుపా, ఏడుపా అని ఆటో స్టాండులో రెండు పార్టీలయ్యాయి. ఒక పార్టీ ఆటోలో రెండో పార్టీవాళ్ళు ఎక్కేవారు కాదని విన్నాను. మాస్టారు మాత్రం ఫోన్ చెవికి ఆనించుకుని దాన్ని మళ్ళీ మళ్ళీ విన్నారు.

“ఎలా ఉందండి?” అన్నాను.

“రెండో పాదంలో ఊపిరి చాల్లేదు వాడికి,” అన్నారు. కోపం లేదు ఆ మాటలో. “పక్కన ఎవరూ లేరుగా.”

రెండో పాట ‘ఒంటరి దారిలో ఇరుకు లేదు’. దాన్ని ఊరు బాగానే మెచ్చుకుంది, మాకే నమ్మకం కుదరలేదు. మూడోదానికి కూర్చున్నప్పుడు నాలో రోషం అడుగంటింది. పాత గొడవలోంచి ఎన్ని మాటలని తవ్వుతాం? మాస్టారి భార్య గ్రేసమ్మ గారు టీలు అక్కడ పెట్టి, మా ఇద్దరినీ ఎగాదిగా చూశారు.

“పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా మీద ఒక్క పాట కట్టించిన పాపాన పోలేదు. ఆ మనిషి మీద మూడోదా?”

“నువ్వు ఎక్కడికీ వెళ్ళలేదు కదే,” అన్నారు మాస్టారు.

“వెళ్తే కట్టిస్తారా? బ్యాగు సర్దుకుంటాను.”

ఆవిడ లోపలికి వెళ్ళాక మాస్టారు చాలాసేపు టీ ముట్టుకోలేదు. “తిట్లు చాలురా. అలసటగా ఉంది. ఆ మాటే రాయి,” అన్నారు. అదే రాశాను: “అలిసిపోయాను నేస్తమా, అలగడం కూడా పనే కదా.”

రికార్డింగు విజయవాడలో. స్టూడియో అంటే మా ఇంట్లో దుప్పట్ల బీరువా కన్నా రవ్వంత పెద్దది. మాస్టారు రెండుసార్లు పాడారు. రికార్డింగు చేసే కుర్రాడు అద్దం అవతలి నుంచి అన్నాడు: “సార్, మీరు బాగా కింద పాడుతున్నారు. మీ గొంతు పైన ఉన్నట్టుంది. పెంచి చూద్దామా?”

నేను దుమ్ము పట్టిన ఆ బటన్ నొక్కుకుంటూ వెళ్ళాను. ఒకటిన్నర. రెండు. రెండున్నర దగ్గర మాస్టారు పల్లవి ఎత్తుకున్నారు. ఇప్పుడు నేను పెద్దది చేయడం లేదు, నిజంగా చేయడం లేదు. అన్నేళ్ళు ఆయన పక్కన కూర్చుని వాయించినవాణ్ణి, ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. కిటికీలన్నీ ఒక్కసారి తెరిచినట్టుంది. కుర్రాడు చేస్తున్న పని మర్చిపోయాడు. మాస్టారు హెడ్‌ఫోన్స్ తీసి, ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి చూశారు.

“ఎవరిదిరా ఆ గొంతు?”

“మీదేనండి.”

“బానే ఉంది,” అన్నారు. “కానీ అక్కడ సాంబడు అందుకోలేడు.”

“సాంబశివరావు గారు లేరు కదండీ మాస్టారూ.”

“తెలుసు. ఒకటికి దించు.”

దించాను. ఆ కుర్రాడు నా వంక జాలిగా చూశాడు. తిరుగు ప్రయాణంలో మైలవరం దాటాక మాస్టారు కిటికీ వైపు మొహం పెట్టి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: “వాడు వింటాడంటావా?” మూడు పాటలూ ఆ ఒక్క ప్రశ్న కోసమేనని అప్పుడు నాకు అర్థమైంది. మూడో పాట బయటికొచ్చాక రోజూ సాయంత్రం “రెడ్డిగూడెం వైపు పనేం పడలేదా నీకు?” అని మొదలెట్టారు. పని లేకపోయినా ఒక రోజు వెళ్ళాను.

తోటలో కాయలు కోస్తున్నారు. సాంబశివరావు గారు చెట్టు కింద కూర్చుని, ఎండుగడ్డి పరిచిన ట్రేలలో మామిడికాయలు సర్దుతున్నారు. పొట్ట సగం తగ్గిపోయింది. నవ్వు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో దానికి తెలియనట్టుంది.

“రా అబ్బాయ్. నాలుగో పాటకి సరుకు కావాలా?”

“మూడోది విన్నారా అండి?”

“మూడూ విన్నా.”

“మాటలు కాస్త ఘాటుగా పడ్డాయేమో…”

“మాటలు నువ్వు రాశావు. అవి నీవి. శ్రుతి వాడిది.” ఒక కాయ తొడిమ తిప్పి చూశారు. “నన్ను తిట్టదల్చుకున్నవాడు నా శ్రుతిలో తిడతాడా?”

మాటలు అమ్ముకుని బతికేవాడికి అది చిన్న దెబ్బ కాదు.

“మొదటిసారి కలిసి పాడిన రోజున వాడు రెండున్నరలో ఎత్తుకున్నాడు,” అన్నారాయన. “అందుకోబోతే నా మెడ నరాలు బయటికొచ్చాయి. మర్నాడు వాడే వచ్చి, నాకు ఒకటే సుఖంగా ఉందిరా సాంబా అన్నాడు. అబద్ధమని తెలుసు. తెలియనట్టే ఉండిపోయాను. వాణ్ణి పైకి వెళ్ళనిస్తే మళ్ళీ కిందికి రాడేమోనని భయం.”

“మరి ఆ మైకు సంగతి?”

“పరాయివాడి చేతిలోదైతే లాక్కుంటానా? నా చెయ్యే అనుకున్నాను.”

“ఈ ముక్క ఆయనతో చెప్పొచ్చు కదండీ.”

“చెప్పడానికి నాకు నువ్వు రాసిపెట్టవుగా,” అన్నారు. పొట్ట ఒక్కసారి కదిలి ఆగిపోయింది. నేను లేస్తుంటే మళ్ళీ పిలిచారు. “శ్రుతి పెంచుకోమన్నానని చెప్పు. నా కోసం వంగింది చాల్లే.”

అన్నీ మాస్టారికి చెప్పాను. మెడ నరాలు, భయం, చెయ్యి, ఒక్క ముక్క వదలకుండా, ఒక్క ముక్క పెంచకుండా. నా జీవితంలో అదొక్కటే అలా చెప్పాను. ఆయన వింటూ చొక్కా గుండీ తిప్పుకున్నారు. తర్వాత లేచి కీబోర్డు మీది గుడ్డ తీశారు. “పెట్టరా రెండున్నర.”

పల్లవి నిలబడింది. చరణం మొదట్లో గొంతు పగిలింది. మళ్ళీ ప్రయత్నించారు, అక్కడే మళ్ళీ పగిలింది. మూడోసారి ఎత్తుకోబోయి, ఊపిరి తీసుకుని, ఆ ఊపిరిని ఏమీ చేయకుండానే వదిలేశారు. ఒక పల్లవికి సరిపడా మాత్రమే మిగిలింది ఆయన సొంత శ్రుతి. గ్రేసమ్మ గారు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు.

“నీ ఫోన్ ఇలా తే. నా నంబరైతే వాడు ఎత్తడు.”

స్పీకరు నొక్కి ఇచ్చాను.

“ఎవరూ?”

“నేనేరా.”

అవతల ట్రేల చప్పుడు ఆగిపోయింది.

“శ్రుతి పెంచమన్నావంట,” అన్నారు మాస్టారు.

“అన్నాను.”

“పెరగట్లేదు.”

“ఎంత దాకా వచ్చింది?”

“పల్లవి దాకా.”

అవతలి నుంచి వినిపించింది: “చరణం నన్ను అందుకోమంటావా?”

“ఆ శ్రుతిలో నువ్వా? చచ్చిపోతావురా.”

ముందు ఎవరు నవ్వారో నాకు తెలియలేదు. గ్రేసమ్మ గారు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం సాంబశివరావు గారు ఒక ట్రే కాయలతో వచ్చారు. ఇద్దరూ కలిసి పాడతారని నేను కీబోర్డు తుడిచి పెట్టుకుని కూర్చున్నాను. పాడలేదు. కరెంటు కోతల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు, అదీ ఒకరు ఊపిరి తీసుకునే చోట ఒకరు అందుకుంటూ. తర్వాత ప్రతి ఆదివారం అంతే. నాలుగో పాట ఎవరికీ అవసరం పడలేదు. ఆటో స్టాండులో రెండు పార్టీలూ చాలా నిరాశపడ్డాయి. మాస్టారు పోయిన రోజున సాంబశివరావు గారు సమాధి దగ్గర పాడబోయి, మొదటి పాదం దగ్గరే ఆగిపోయారు. అది ఆయన పాదం కాదు మరి.

ఇప్పుడు పెళ్ళిళ్ళకి వేరేవాళ్ళతో కలిసి వాయిస్తున్నాను. కొత్తగా పాడేవాళ్ళు వస్తే మీ శ్రుతి ఎంత అని నేను అడగను. అడిగితే అలవాటైనది చెబుతారు, అదే తమదని నమ్ముతూ చెబుతారు. పోయిన నెల ఒకమ్మాయి వచ్చింది, మంచి గొంతు, ఎందుకో తలుపు ఓరగా వేసినట్టుంది. “ఇంతకుముందు ఎవరితో పాడేదానివమ్మా?” అన్నాను.

“మా అక్కతోనండీ. ఇప్పుడు తను మానేసింది.”

నా వేలు బటన్ దాకా వెళ్ళి ఆగింది.

“అక్కకి ఎంత దాకా వచ్చేది?” అని అడిగాను.