అత్తా అంటే దొరికింది

మంగళవారం పొద్దున్నే అమలాపురం నుంచి నాన్నగారు ఫోన్ చేశారు. "అమ్మలూ, అత్తయ్య పోయిందమ్మా" అని ఫోన్ అమ్మకిచ్చేశారు. నిద్రలోనే వెళ్ళిపోయిందట. ముందు రోజు సాయంత్రం కళ్ళజోడు కనబడటం లేదని ఇల్లంతా వెతికి, ఇక రేపు చూద్దాంలే అని పడుకుందట. ఆ మాట వినగానే నాకు ఏడుపుతో పాటు నవ్వూ వచ్చింది. మా అత్త దగ్గర ఆ రెండూ ఎప్పుడూ కలిసే ఉండేవి.

ఆవిడ మా నాన్నగారి చెల్లెలు. మావయ్యది ఓడల కంపెనీలో ఉద్యోగం కావడంతో జపాన్లో, కోబే అనే రేవు పట్నంలో ఎనిమిదేళ్ళు కాపురం చేసింది. ఆయన పోయాక అమలాపురం వచ్చి మా పక్క వాటాలో ఉండేది. తొంభైల చివర్లో నేను డిగ్రీ అయిపోయి, ఏ ఉద్యోగమూ దొరక్క ఇంట్లో కూర్చున్నాను. "ఊరికే గోళ్ళు గిల్లుకునే బదులు జపనీస్ నేర్చుకోవే. చుట్టుపక్కల ఎవరికీ రానిది నీకొస్తే ఎప్పుడో ఒకప్పుడు పిలుస్తారు" అంది.

మొదటి వారంలోనే ఇంట్లో గొడవ. జపనీస్‌లో మన నాన్న గురించి బయటివాళ్ళతో చెప్పేటప్పుడు 'చిచి' అనాలి. అమ్మనైతే 'హహ'. నేను వసారాలో కూర్చుని "చిచి, చిచి" అని వల్లె వేస్తుంటే నాన్నగారు పేపరు పక్కన పడేసి లేచారు.

"ఎవర్నే ఆ ఛీఛీలు?"

"మిమ్మల్నే నాన్నగారూ" అన్నాను, నోరు జారి.

"చెల్లాయ్! ఇదేం చదువే? కన్నతండ్రిని ఛీ కొట్టడం నేర్పుతున్నావా?"

పోనీ చివర 'గారు' తగిలిస్తానన్నాను. అత్త ఒప్పుకోలేదు. "సొంతవాళ్ళకి గారూ గీరూ పెట్టుకుంటే అక్కడ మర్యాద కాదే. ఎదుటివాళ్ళ నాన్నని మాత్రం నెత్తిన పెట్టుకోవాలి. అన్నయ్యా, అక్కడ నేను మీ బావ పేరు నోటితో పలక్కపోతే ఆడవాళ్ళు ఎంత నవ్వేరనుకున్నావ్? మొగుడి పేరు మర్చిపోయిందేమో పాపం అనుకున్నారు! వాళ్ళకి మనదీ వింతే మరి." నాన్నగారు మళ్ళీ పేపరు అందుకున్నారు గానీ, నేను 'చిచి' అన్నప్పుడల్లా గట్టిగా దగ్గేవారు.

ఒకసారి పక్కింటి వాళ్ళ ముందు జపాన్ వాళ్ళలా వంగి వంగి దణ్ణాలు పెట్టి, ముక్కుతో మాట్లాడి నవ్వించాను. అత్త రెండు రోజులు పాఠం చెప్పలేదు. మూడో రోజు "నీకు రానిదాన్ని చూసి నువ్వు నవ్వుకో. వాళ్ళని మాత్రం ఎక్కిరించకు" అని పుస్తకం తెరిచింది.

వాళ్ళ 'హై' మన గోదావరి జిల్లాల 'ఆయ్' లాంటిదేనని చెప్పేది. "హై అన్నారు కదాని ఒప్పేసుకున్నారనుకోకు. విన్నానండీ అని, అంతే. మనం మాత్రం ఆయ్ ఆయ్ అన్నవన్నీ చేస్తామేంటి?" పోయిన వస్తువు దొరికితే వాళ్ళు "అత్తా!" అంటారు. అంటే, ఇదిగో ఉంది అని. అచ్చం మన పిలుపే. మా అత్త కళ్ళజోడు రోజుకి నాలుగుసార్లు పోయేది. కనబడగానే నేను "అత్తా!" అని అరిచేదాన్ని. వంటింట్లోంచి "హై!" అనేది. అది హైయో, ఆయో నాకెప్పుడూ తేలలేదు.

రెండేళ్ళకి, దగ్గర్లోని ఒక కొబ్బరి పీచు ఫ్యాక్టరీకి జపాన్ నుంచి ఒక పెద్దాయన సరుకు చూడ్డానికి వస్తున్నాడని, మాట అటూ ఇటూ చెప్పే మనిషి కావాలని కబురొచ్చింది. నా మొదటి పని. బాగా చేస్తే ఇకమీదట నన్నే పిలుస్తామన్నారు. చెడగొడితే మళ్ళీ ఇంట్లో కూర్చోవడమే. అత్త తోడొచ్చి ఓ మూల కుర్చీలో కూర్చుంది.

అంతా సాఫీగా సాగుతుంటే ఆయన జేబులోని చిన్న పుస్తకం పీచు కుప్పల్లో ఎక్కడో జారిపోయింది. అందరం వంగి వెతికాం. చివరికి ఆయనకే దొరికింది. సంబరంగా పైకెత్తి "అత్తా!" అని కేక పెట్టాడు.

పీచు ఎండబెడుతున్న ఆడవాళ్ళు తలెత్తారు. "ఈయనగారికి ఇక్కడ అత్తెవరమ్మా?" అంది ఒకావిడ. "మనూరల్లుడేమోనే!" అంది ఇంకొకావిడ. ఇక చూడాలి నవ్వులు. నేనూ ఆపుకోలేకపోయాను. ఆయన మొహం ఎర్రబడింది. చొక్కాకంటిన పీచు దులుపుకుని, నా వైపు చూడకుండా కారు వైపు నడిచాడు. నేను ఆయన వెనకాలే నాలుగడుగులు వేశాను. నేర్చుకున్న ముక్క ఒక్కటీ నోటికి రాలేదు.

అత్త లేచింది. కొంగు సర్దుకుని ఆయనకి ఎదురెళ్ళి, నడుం వంచి, "హై" అంది. ఆయన ఆగిపోయాడు. అత్త జపనీస్‌లో నెమ్మదిగా చెప్పింది: "మీరు పిలిచారు, వచ్చాను. మా భాషలో అత్త అంటే నాన్న తోబుట్టువు. ఈ పిల్లకి అత్తని నేనే. మీరు వెతికింది పుస్తకం, దొరికింది నేను."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆడవాళ్ళ దగ్గరికెళ్ళి తనే మళ్ళీ "అత్తా!" అని చేతులు జోడించాడు. ఆ తర్వాత ఆయన వచ్చిన ప్రతిసారీ ఫ్యాక్టరీ వాళ్ళు నన్నే పిలిపించారు. ఇవాళ హైదరాబాద్‌లో అనువాదాలు చేసుకుని నేను తింటున్న అన్నం ఆ పూట అత్త పెట్టిందే.

ఆ రోజు ఇంటికొస్తూ రిక్షాలో అత్త అంది: "నవ్వడం తప్పు కాదే. ఎందుకు నవ్వేమో ఆయనకి చెప్పలేదు చూడు, అదీ తప్పు. కోబేలో కొట్టుకెళ్తే నన్ను చూసి నవ్వేవారు. ఎందుకో తెలీక ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని." అన్నేళ్ళలో అత్త ఏడ్చానని చెప్పడం అదొక్కసారే.

అత్త పోయిన పదో రోజున అమలాపురంలో ఇంటి నిండా చుట్టాలు. వంటకి బియ్యం తీద్దామని నేను అత్త వంటింట్లో డబ్బా మూత తీశాను. సోల పక్కన, బియ్యంలో సగం కూరుకుపోయి కళ్ళజోడు.

"అత్తా!" అని అరిచేశాను.

పిల్ల తట్టుకోలేకపోతోందని అమ్మ పరుగెత్తుకొచ్చి నా భుజం పట్టుకుంది. నేను ఏ భాషలో అన్నానో నాకే తెలియలేదు. కళ్ళజోడు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

వసారాలోంచి నాన్నగారు, గొంతు సవరించుకుని, "హై" అన్నారు.