బాబాయ్ భయానికి జీతం

ఇంట్లో బల్బు మాడిపోతే స్టూలెక్కేది పిన్ని. కింద నిలబడి స్టూలు కాళ్లు పట్టుకునేది బాబాయ్. పట్టుకున్నప్పుడు కూడా పైకి చూడడు. ఇంకొకరు ఎత్తున నిలబడినా ఆయనకి కళ్లు తిరుగుతాయి. అలాంటి మనిషి చేసే ఉద్యోగం ఏమిటయ్యా అంటే, సముద్రం ఒడ్డున కొండ అంచు వెంట జనాన్ని నడిపించడం. సెలవుల్లో ఇంట్లో సుఖంగా పడుకోలేక, డబ్బు కట్టి మరీ కాళ్లకి బొబ్బలు కొనుక్కునే జనాన్ని.

"అసలీ ఉద్యోగంలో ఎందుకు చేరావు బాబాయ్?" అని ఓసారి అడిగాను. కాలేజీ మధ్యలో వదిలేసి, వాళ్లింట్లో మకాం పెట్టి, అదే కంపెనీ వ్యాను నడుపుతున్నాను కాబట్టి ఆ మాత్రం చనువుంది.

"నేను చేరినప్పుడు లోయలో నడిపించేవాళ్లురా. అంచు మీదికి తర్వాత మార్చారు. నువ్వు మాత్రం అన్నీ తెలిసే చేరావా కాలేజీలో?"

వ్యాను తాళాలు తీసుకుని బయటపడ్డాను.

ఆ దారికి ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రం. జనం వచ్చేది సముద్రం కోసం. బాబాయ్ మాత్రం ఏళ్ల తరబడి కొండవైపే చూస్తూ నెట్టుకొచ్చాడు. రాయి కనిపిస్తే రాయి గురించి, నాచు కనిపిస్తే నాచు గురించి చెప్పుకుంటూ, బల్లిలా కొండకి అతుక్కుని నడిచేవాడు. "మీ గైడుకి ప్రకృతి అంటే ఎంత ప్రాణమో!" అని జనం వ్యానెక్కి మురిసిపోయేవారు. ప్రాణమే. అది పోతుందనే ఆయన బాధంతా.

ఈ ఏడు మా ఓనరుకి కొత్త ఆలోచన పుట్టింది. ఆయనకి ఆలోచన పుడితే పురిటినొప్పులు మాకు. ఉత్త నడకైతే రిటైరైనవాళ్లే వస్తున్నారట, కుర్రకారు రావాలంటే సాహసం ఉండాలట. అందుకని దారి మధ్యలో ఉన్న నిలువు బండ మీంచి తాడు కట్టుకుని దిగాలి. ముందు గైడు దిగి చూపించాలి. దిగలేని గైడు ఇంకో పని చూసుకోవచ్చు.

"నాకు ఎత్తంటే భయమని చెప్పేయండి. తలేం తెగిపోదుగా" అంది పిన్ని.

"తల తెగదే, జీతం తెగుతుంది. ఈ వయసులో నాకొచ్చిందల్లా రాళ్లూ నాచూ. వాటికి ఇంకెవడిస్తాడు డబ్బులు?"

శనివారం వచ్చింది. నేను వ్యాను బండ పైన ఆపి చూస్తున్నాను. తాడు దిగడం నేర్పడానికి ఓనరు కుదిర్చిన మాస్టారు పైన తాడు పట్టుకున్నాడు. బాబాయ్ రెండడుగులు దిగాడు. మూడోది దిగలేదు. బండకి బుగ్గ ఆనించి, కళ్లు గట్టిగా మూసుకుని, అక్కడే ఉండిపోయాడు.

"ఏమైందండీ?" అని ఓనరు పైనుంచి అరిచాడు.

బాబాయ్‌కి తెలిసిన విద్య ఒక్కటే, ఎదురుగా ఉన్నదాని గురించి చెప్పడం. కళ్లు మూసుకుంటే ఎదురుగా భయం తప్ప ఏముంది? దాని గురించే మొదలుపెట్టాడు.

"ఇప్పుడు మోకాళ్లు వణుకుతున్నాయి, చూశారా? తర్వాత నోరెండుతుంది. చేతులు వదలమన్నా వదలవు. ఆ తర్వాత మీ ఆవిడ గుర్తొస్తుంది. ఆవిడ మాట వినుంటే బాగుండేదనిపిస్తుంది..."

జనం ఫోన్లలో వీడియోలు తీశారు, చప్పట్లు కొట్టారు. మాస్టారు ఆయన్ని బావిలోకి చేద వదిలినట్టు మెల్లగా కిందికి దించాడు. తర్వాత జనమంతా ధైర్యంగా దిగారు.

"ఏం నటనండీ! ప్రతి శనివారం ఇదే చెయ్యండి" అని ఓనరు భుజం తట్టాడు. కంపెనీ బోర్డు మీద 'భయంపై ప్రత్యక్ష పాఠం' అని రాయించాడు కూడా.

అలా ప్రతి వారం భయపడి భయపడి, ఓ శనివారం బాబాయ్ మోకాళ్లు వణకలేదు. తాడుకి వేలాడుతూనే కళ్లు తెరిచి తల తిప్పాడు.

"ఒరేయ్, సముద్రం ఇంత నీలంగా ఉంటుందా! చెప్పలేదేంరా ఇన్నాళ్లూ?"

డబ్బు కట్టినవాళ్ల మొహాలు మాడిపోయాయి. "గైడు అసలు భయపడటమే లేదు, బోర్డు మీద రాసింది అబద్ధం" అని ఫిర్యాదు చేశారు. ఓనరు పిలిచి, వచ్చే శనివారం సరిగ్గా భయపడకపోతే ఇంకో పిరికివాణ్ణి చూసుకుంటానన్నాడు.

ఆ సాయంత్రం వంటింట్లో బల్బు మాడింది. పిన్ని లేచేలోపే బాబాయ్ స్టూలెక్కేశాడు. నేను స్టూలు పట్టుకున్నాను.

"ముందా కిటికీ మూయరా! ఎవరైనా చూశారంటే ఉద్యోగం ఊడుతుంది" అని పిన్ని కంగారుపడింది.

మూశాను. బాబాయ్ పైనుంచే మోకాళ్లు ఆడించి చూపించాడు. "ఎలా ఉందే?"

"చలేసినట్టుంది."

"ఇప్పుడో?"

"పూనకం వచ్చినట్టుంది."

ఆయన స్టూలు మీదే చతికిలపడబోయాడు. పిన్ని కొత్త బల్బు చేతికందిస్తూ నెమ్మదిగా అంది: "ఓనరు పిలిచి, రేపట్నుంచి రావద్దన్నాడనుకోండి."

బాబాయ్ మోకాళ్లు వణకడం మొదలెట్టాయి. పెదాలు ఎండిపోయాయి. నా చేతుల్లో స్టూలు కూడా టకటకలాడింది.

"ఆఁ, ఇదీ! శనివారం ఇదే తలుచుకోండి" అంది పిన్ని. "ఇక బల్బు పెట్టి దిగండి."