మొహం మీద లైటు

మా బొగ్గు బాయిలో ఒక మర్యాద ఉంది. దాన్ని ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. మొదటి రోజు తిట్లు తిని అందరూ నేర్చుకుంటారు. భూమి కింద మనిషితో మాట్లాడేటప్పుడు అతని మొహం చూడకూడదు. టోపీకి లైటు ఉంటుంది కదా, మనం ఎటు చూస్తే అది అటే పడుతుంది. ఎదుటివాడి మొహం చూశామంటే వాడికి కాసేపు లోకమంతా తెల్లబడిపోతుంది. అందుకని తల కాస్త పక్కకు తిప్పి, వెలుగు బొగ్గు గోడ మీద పడేలా నిలబడి మాట్లాడుకుంటాం. పెళ్లి సంబంధాలైనా, ఇంటి గొడవలైనా, చూడటానికి ఇద్దరూ గోడకే చెబుతున్నట్టుంటుంది.

ఏళ్ల తరబడి పాటించిన ఈ మర్యాదను ఒక పుస్తకం చదివి మరిచిపోయాను.

నా బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా గోదావరిఖని గ్రంథాలయంలో నేనే చదువుకున్నాను. ఆ సంగతి ఎవరూ అడగకపోయినా చెబుతుంటాను. ఫస్ట్ షిఫ్టు చేసి, స్నానం చేసి, అన్నం తిని అక్కడికి పోతే ఫ్యాను కింద కుర్చీ నాదే. ఆ చలికాలం ఫ్యాను అవసరం లేకపోయినా ఆ కుర్చీలోనే కూర్చున్నప్పుడు అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి దొరికింది. మనుషులతో నిజమైన స్నేహం ఎలా కుదురుతుందో చెప్పే పుస్తకం. మొదటి అధ్యాయం మనల్ని మనం గమనించుకోవడం గురించి. నా గురించి నాకు తెలియనిదేముందని దాన్ని దాటేసి రెండో అధ్యాయానికి పోయాను. ఎదుటివాళ్ల మాట ఎలా వినాలో అందులో ఉంది. కళ్లలోకి చూడాలి. తల ఊపుతుండాలి. వాళ్లు చెప్పిందాన్ని మన మాటల్లో వాళ్లకే తిరిగి చెప్పాలి.

ముందు ఇంట్లో మొదలుపెట్టాను.

"బియ్యం ఒడిసినయ్," అన్నది మా ఆవిడ.

ఆమె కళ్లలోకి చూశాను. "అంటే, బియ్యం ఒడిసినయని నీకు దిగులుగ ఉన్నదన్నట్టు."

"దిగులెందుకు? సంచి తీస్కొని పో."

"అంటే, నేను సంచి తీస్కొని పోవాలని నీకు అనిపిస్తున్నది."

ఆమె స్టవ్ ఆపి వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదని తేలాక సంచి చేతిలో పెట్టింది.

మర్నాడు బాయిలో ప్రయోగం. మాది పైకప్పు కూలకుండా దన్ను పెట్టే పని. ఒకరు పట్టుకుంటే ఒకరు బిగించాలి కాబట్టి జోడీగా చేస్తాం. నా జోడి ఒక భాయ్. ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో మా తెలుగు. కాసిపేటలో ఇల్లు కట్టుకున్నాడు. రోజూ బస్సులు మారి, మంచిర్యాల మీదుగా గోదావరి దాటి వస్తాడు. టిఫిన్ డబ్బాలు ఖాళీ అయ్యాక, నేను చదివిన పుస్తకాలన్నీ అతనికి చెబుతాను. గోడకు ఆనుకుని, ఒక్క మాట అడ్డం రాకుండా వింటాడు. అంత ఓపికగా వినే మనిషి నాకు ఇంకొకడు తెలియదు.

ఆ రోజు అతనే మాట తీశాడు. "అన్నా, ఒక ముచ్చట అడగాలె."

నేరుగా అతని వైపు తిరిగి కళ్లలోకి చూశాను.

"అరె, లైట్ తియ్ యార్!"

"అంటే, లైటు నిన్ను ఇబ్బంది పెడ్తున్నదన్నట్టు."

"ఇబ్బంది గాదు, గుడ్డోన్ని అయితున్న!"

చెయ్యి అడ్డం పెట్టుకునే చెప్పాడు. కాసిపేట బాయికి మారతావా అని ఆఫీసులో అడిగారట. ఈ వారంలోనే చెప్పాలట.

"పోవాల్నా, వద్దా? నువ్వేమంటవ్?"

నేను బాగా తల ఊపాను. "అంటే, నీ మనసు రెండు తీర్లుగ కొట్టుకుంటున్నది."

"గది నాకు తెల్సు. నువ్వేమంటవని అడుగుతున్న."

ఇంకా గట్టిగా ఊపాను. అంతలో దూరం నుంచి మా పని చూసే ఓవర్‌మాన్ బురదలో పడుతూ లేస్తూ వచ్చాడు. మా బాయిలో లైటు పైకీ కిందికీ ఆడిస్తే రమ్మని పిలిచినట్టు.

"ఏమైంది? ఎందుకు పిలిచినవ్?"

"పిలువలే సార్. వింటున్న."

"చెవులతోటి విను. మెడతోటి ఎందుకు?"

ఆయన పోయాక భాయ్ డబ్బా మూత గట్టిగా బిగించాడు. "నీకు చెప్పుడు కంటే గోడకు చెప్పుడే నయం. రేపు నేనే చెప్పేస్త ఆఫీసుల." తర్వాత షిఫ్టు అయ్యేదాకా పట్టు, విడువు తప్ప మా మధ్య మాట లేదు.

ఇంటికొచ్చి జరిగిందంతా మా ఆవిడకు చెప్పాను.

"ఆయన మనసుల ఏమున్నదో ఆయనకే చెప్పినవ్," అన్నది. "ఆయన పోతే నీకెట్లుంటది మరి?"

రెండో అధ్యాయంలో దీనికి ఏం జవాబుందా అని గుర్తు చేసుకోబోయాను.

"తెల్వదా? రోజు చదువుతవ్ గద!"

నేరుగా గ్రంథాలయానికి పోయి, బీరువా దగ్గర నిలబడే, దాటేసిన మొదటి అధ్యాయం చదివాను. కుర్చీ దాకా పోయే ఓపిక లేకపోయింది. చదువుతుంటే తెలిసింది. అతను పోతాడని నాకు భయంగా ఉంది, అంతే. అతను అడిగిన క్షణాన "పోకు" అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆ మాట బయటపడకుండా పుస్తకం మాటలు అడ్డం పెట్టాను. ఇన్నాళ్లూ నేనే అతనికి జ్ఞానం పంచుతున్నాననుకున్నాను. అతను లేకపోతే ఆ జ్ఞానం పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో నాకు తెలియదు.

మర్నాడు డబ్బాల దగ్గర లైటు గోడ మీద పెట్టాను.

"భాయ్, నిన్న నువ్వడిగినదానికి నేను జవాబు చెప్పలే. నువ్వు పోవుడే మంచిది. బస్సుల తిప్పలు తప్పుతయ్, ఇంటికాడ ఉంటవ్. కాని నాకు మంచిగ లేదు. నువ్వు పోతే నా పుస్తకాల ముచ్చట ఎవడు వింటడు?"

గోడ మీద అతని లైటు సన్నగా వణికింది. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు.

"అన్నా, ఏమనుకోకు. నేనెన్నడు విన్న? నువ్వు మొదలువెట్టంగనె నాకు నిద్ర పడ్తది. ఇంట్ల గూడ గంత మంచి నిద్ర రాదు."

మొహం చూడకుండా మాట్లాడే మర్యాద వల్ల, ఇన్నేళ్లూ అతని కళ్లు మూసి ఉన్న సంగతే నాకు తెలియలేదు.

"ఒక్క పుస్తకం గూడ వినలేదా?"

"ఒకటి విన్న. ఆ రోజు పన్ను నొస్తుండె."

"ఎట్లుండె మరి?"

"పన్నే యాదికున్నది."

కోపం వచ్చిందా అని, అధ్యాయంలో చెప్పినట్టే, నన్ను నేను చూసుకున్నాను. రాలేదు. ఇద్దరం నవ్వుతుంటే లైట్లు రెండూ పైకీ కిందికీ ఎగిరాయి. దూరంగా ఓవర్‌మాన్ ఆగి చూశాడు కానీ ఈసారి రాలేదు.

భాయ్ కాసిపేటకు మారాడు. ఇప్పుడున్న జోడి నిజంగానే వింటాడు. పైగా ప్రశ్నలేస్తాడు. దాంతో చదివినవన్నీ మళ్లీ చదవాల్సి వస్తోంది.

మొన్నొక మధ్యాహ్నం గ్రంథాలయంలో ఉండగా ఫోను మోగింది. మెట్ల మీదికి వచ్చి ఎత్తాను.

"అన్నా, నైట్ షిఫ్టు చేసొచ్చిన. పగటీలి నిద్ర పడ్తలేదు. ఏదన్న పుస్తకం చెప్పరాదు?"

"జల్ది పడుకో, చెప్తున్న," అని అట్ట లేని పుస్తకం మొదటి అధ్యాయం ఎత్తుకున్నాను. కాసేపటికే అటు నుంచి గురక వినిపించింది. ఫోను పెట్టేయలేదు. మధ్యలో ఆపితే లేస్తాడు.