మాయన గారి పాయింట్లు

ఒక శనివారం మధ్యాహ్నం సూపర్ మార్కెట్లో, బిల్లు కౌంటర్ వెనక కూర్చున్న ముక్కూమొహం తెలియని అమ్మాయి నలుగురూ వింటుండగా నన్ను, "మాయన గారూ, సంచీ తెచ్చుకున్నారా?" అని అడిగింది. తెచ్చుకున్నానని చెప్పాను. నా పక్కన మా ఆవిడ ఉంది. ఆవిడ చేతిలో అరడజను కోడిగుడ్లున్నాయి. ఆ గుడ్లను ఆవిడ కింద పెట్టలేదు, పగలగొట్టలేదు. మెల్లగా నావైపు తిరిగి, "ఎప్పట్నించి?" అని మాత్రం అడిగింది.

"పదకొండేళ్ళ నించి" అన్నాను. నిజం చెప్పడానికి కూడా వేళాపాళా ఉంటుందని అప్పుడు తట్టలేదు.

జరిగిందేమిటంటే, నేను కౌంటర్లో చెప్పింది మా పెద్దమ్మ ఫోన్ నంబరు. మా బంధువుల్లో ఎవరు ఆ షాపులో ఏం కొన్నా పెద్దమ్మ నంబరే చెప్పాలి, పాయింట్లు ఆవిడ ఖాతాలో పడాలి. అది మా ఇంటి చట్టం. కొనేవాళ్ళను పేరుపెట్టి పలకరించాలని ఆ వారమే కౌంటర్ వాళ్ళకు పైనుంచి ఆర్డరు వచ్చిందట. పాపం ఆ అమ్మాయి తెర మీద ఉన్న పేరే చదివింది. తెర మీద ఆ పేరెందుకుందో చెప్పాలంటే పెద్దమ్మ గురించి చెప్పాలి.

మా పెద్దమ్మది కాజాల పని. చొక్కా ఎవరు కుట్టినా దానికి గుండీలు పట్టే చిల్లులు మాత్రం ఆవిడ చేతి మీదుగా పోవాల్సిందే. వీధిలో ఉన్న ముగ్గురు టైలర్లూ మూటలు కట్టి పంపుతారు. ముందుగదిలో కిటికీ కింద కుర్చీ, పక్కన బిస్కెట్ల డబ్బా నిండా గుండీలు, గోడవార ఇస్త్రీ బల్ల, మెడలో ఎప్పుడూ టేపు. బజారుకు కూడా ఆ టేపుతోనే వెళ్తుంది. చిన్నప్పుడు బిస్కెట్లున్నాయనుకుని ఆ డబ్బా తెరిచి మోసపోని పిల్లవాడు మా వంశంలో లేడు. నేనైతే మూడుసార్లు మోసపోయాను.

పెద్దనాన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారు. జేబులో ఎర్ర కలం లేకుండా ఆయన్ను నేను చూడలేదు. ఇంట్లోకి వచ్చిన అచ్చుకాగితం ఏదైనా సరే, మందుసీసాతో వచ్చిన చీటీ గానీ, బస్సు టిక్కెట్టు గానీ, పొట్లం కట్టిన పాత పేపరు గానీ, ఆ కలం బారిన పడకుండా బయటపడేది కాదు. పెళ్ళైన కొత్తలో పెద్దమ్మ పుట్టింటి నుంచి ఉత్తరం రాస్తే దాన్ని కూడా దిద్ది, తిరుగు టపాలో పంపారట.

"మార్కులెన్ని వేశారు పెద్దమ్మా?" అని అడిగానొకసారి.

"మార్కులా నా మొహమా! శుభ్రంగా ఎత్తి రాసి మళ్ళీ పంపమన్నారు."

"పంపావా?"

"పంపాను. ఈసారి నేనే రెండు తప్పులు కావాలని పెట్టి పంపాను. లేకపోతే జవాబు రాయరుగా!"

ఆ రోజుల్లో వీధి మొదట్లో ఒక కొట్టుండేది. కొట్టాయన పప్పు తూచి, తక్కెడ సరిపోయాక పైన ఇంకో గుప్పెడు వేసేవాడు. అది కొసరు. కొసరు అడక్కుండా పెద్దమ్మ ఏనాడూ ఆ మెట్లు దిగలేదు. వెంట వెళ్ళినందుకు నాకు దక్కే కొసరు ఒక పిప్పరమెంటు. దాన్ని బుగ్గన పెట్టుకుని, ఇంటికి చేరేదాకా కరగకుండా కాపాడుకోవడం ఒక విద్య. కొట్టాయనకు మోకాళ్ళ నొప్పులొచ్చి కొట్టు మూసేశాక, రెండు వీధుల అవతల ఈ సూపర్ మార్కెట్ వచ్చింది. ప్రారంభం రోజున కార్డు తీసుకున్నవాళ్ళకి యాభై పాయింట్లు ఊరికే ఇస్తారని తెలిసి, పెద్దమ్మ చేతిలో పని అలాగే వదిలేసి వెళ్ళింది.

తలుపు దగ్గర ఒక అమ్మాయి తల ఎత్తకుండా కార్డులు రాసేస్తోంది. వెనకాల మైకు, బూరలు, తోపులాట.

"పేరండీ?"

"నా పేరెందుకులేమ్మా, మాయన పేరు రాసెయ్."

"ఇంటిపేరు?"

"అదీ ఆయనదే."

ఆ గోలలో ఆ అమ్మాయికి ఎంత వినిపించిందో అంత రాసింది. సాయంత్రం పెద్దమ్మ గర్వంగా తెచ్చిన మొదటి బిల్లు అడుగున ఇలా ఉంది: 'మాయన గారూ, మళ్ళీ రండి.'

పెద్దనాన్న అది చదివి కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ చదివారు.

"ఎవరే ఈ మాయన?"

"మీరేనండీ."

తన పేరు లేనందుకు ఆయన బాధపడ్డారని మేమంతా అనుకున్నాం. కాదు. "ఇదిగో చూడు," అన్నారు. "మా ఆయన. రెండు మాటలు. మధ్యలో చోటుండాలి. నోటితో నువ్వు ఎట్లా అన్నా సరే, అచ్చులో మాత్రం ఇట్లా అతికించకూడదు. పేరు రాయాల్సిన చోట ఇది రాయడమే ఒక తప్పు. పోనీ ఆ తప్పన్నా ఒప్పుగా రాశారా!"

ఎర్ర కలం తీసి 'మాయన' చుట్టూ సున్నా చుట్టి, 'మా' తరవాత ఎడం వదిలి 'ఆ' చేర్చమని గుర్తు పెట్టి, "రేపు తీసుకెళ్ళి దిద్దించుకురా" అన్నారు. పెద్దమ్మ అట్లాగే అంది. మర్నాడు ఇంకో బిల్లు తెచ్చింది. అందులోనూ మాయనే. మళ్ళీ సున్నా, మళ్ళీ గుర్తు. దిద్దిన బిల్లును వంటింటి గుమ్మం పక్కన ఉన్న తీగకు గుచ్చేసేది. ఎనిమిదేళ్ళపాటు ఆ ఇంట్లో ఇదే జరిగింది.

"చెప్పావా వాళ్ళకి?"

"చెప్పానండీ. చూస్తామన్నారు."

ఆవిడ ఒక్కసారి కూడా చెప్పలేదని నాకు తెలుసు. ఎందుకంటే సంచీలు మోసేది నేనే.

ఆ కార్డు వల్ల లాభమేమిటని నేనోసారి కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. దగ్గర్లో ఉన్న చిన్న షాపును దాటుకుని ఎండలో అంతదూరం నడక. అదే సబ్బు అక్కడ కాస్త ఎక్కువ ధర. మూడు కొంటే పాయింట్లు రెట్టింపు కాబట్టి అక్కర్లేని మూడో సబ్బు. ఇన్నేళ్ళలో చేతికందిన బహుమతులు రెండు: మూత పట్టని ప్లాస్టిక్ జగ్గు, ఒకవైపే తెరుచుకునే గొడుగు. ఈ లెక్క వినిపిస్తే పెద్దమ్మ, "నీ మొహం, గొడుగు నేను పట్టుకునే వైపు బాగానే తెరుచుకుంటుంది" అని కొట్టిపారేసింది. పెద్దనాన్న మాత్రం బిల్లు మీంచి తలెత్తి, "కొసరంటే మనం అడిగితే వాడిచ్చేది. ఇది వాడడిగితే మనం కొనేది" అని మళ్ళీ తల దించుకున్నారు. ఆ విషయం మీద అంతకంటే కచ్చితంగా చెప్పినవాళ్ళను నేను చూడలేదు.

మూడేళ్ళ కిందట పెద్దనాన్న పోయారు. ఆస్పత్రిలో చేతికి కట్టిన పట్టీ మీద తన పేరులో దీర్ఘం ఎగిరిపోయిందని నర్సును పిలిచి, అది పెట్టించుకున్నాకే కళ్ళు మూశారని పెద్దమ్మ చెబుతుంది. అందులో కాజా ఎంతో, గుడ్డ ఎంతో నాకు తెలియదు.

సరే, ఆ శనివారం మాయన అని పిలిచిన అమ్మాయే నా చేతిలో ఒక చీటీ పెట్టింది. పాత కార్డులు నెలాఖరుతో రద్దు. గుర్తింపు కాగితం చూపించి కార్డు మీద పేరు సరిచేయించుకుంటేనే పాత పాయింట్లు కొత్త కార్డులోకి వస్తాయి. లేకపోతే పోతాయి.

మా ఆవిడకు కథంతా చెప్పి, నమ్మించి, సాయంత్రం ఆ చీటీ పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కాజాల మీద ఇస్త్రీ చేస్తోంది. ఆ ఇస్త్రీ పెట్టె వైరుకు నాలుగుచోట్ల నల్లటేపు చుట్టి ఉంటుంది. ముట్టుకుంటే చురుక్కుమంటుంది. షాపులో అద్దాల బీరువాలో నాలుగు వేల పాయింట్లకు కొత్త ఇస్త్రీ పెట్టె ఉంది. నీలంరంగుది. రెండేళ్ళుగా పెద్దమ్మ వెళ్ళినప్పుడల్లా దాని ముందు ఒక నిమిషం నిలబడి వస్తోంది. పోయిన నెలే ఆవిడ పాయింట్లు నాలుగు వేలు దాటాయి.

"ఇంకేం పెద్దమ్మా! రేపే వెళ్దాం. నీ గుర్తింపు కార్డు చూపిస్తే నీ పేరు వేసేస్తారు. ఇస్త్రీ పెట్టె చంకన పెట్టుకుని వచ్చేద్దాం."

"పాత బిల్లులు కూడా అడుగుతారేమోరా. ఆ తీగ దింపు."

దింపాను. ఆ బిల్లు కాగితం సంగతి మీకూ తెలిసిందే. కొన్ని నెలలు గడిచేసరికి అక్షరాలు వెలిసిపోతాయి. అడుగున ఉన్న బిల్లుల్లో సరుకులు లేవు, తేదీలు లేవు, షాపు పేరు లేదు. తెల్లటి కాగితం, దాని మీద ఒక ఎర్రటి సున్నా, లోపల ఎడం వదలమన్న గుర్తు. అంతే. ఎనిమిదేళ్ళ కట్ట. నేను ఒక్కొక్కటే తిప్పుతుంటే పెద్దమ్మ ఇస్త్రీ ఆపి చూస్తూ కూర్చుంది. పైన మూడేళ్ళవీ ఉన్నాయి. వాటిలో ఎర్రరంగు లేదు.

"ఇవేం పనికిరావు పెద్దమ్మా, అన్నీ చెరిగిపోయాయి" అన్నాను.

"తీగకి మళ్ళీ గుచ్చు. వరస తప్పకుండా గుచ్చు" అంది.

మర్నాడు వెళ్ళాం. కార్డులు మార్చే బల్ల దగ్గర కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్న మేనేజరమ్మ తెర చూసి, పెద్దమ్మ మెడలో టేపు చూసి, నోరు తెరిచింది.

"అయ్యో, ఇది నేనే రాశానమ్మా! ప్రారంభం రోజు. తల ఎత్తలేదు గానీ ఆ టేపు గుర్తుంది. అదే నాకు మొదటిరోజు ఉద్యోగం. మాయన అంటే పేరే అనుకున్నాను. ఒక్కసారన్నా చెప్పలేదేంటమ్మా?"

"చెప్పడం కుదరలేదమ్మా" అంది పెద్దమ్మ, నా వైపు చూడకుండా.

"ఇప్పుడు దిద్దేస్తానుండండి. మీ పేరు వేసి, పాయింట్లు మార్చి, ఇస్త్రీ పెట్టె కూడా ఇప్పించేస్తాను. ఐదు నిమిషాలు."

అప్పటికే ఒక మనిషి బీరువా తాళం తీశాడు. నీలం పెట్టె బల్ల మీదికి వచ్చింది. పెద్దమ్మ దాని పిడి పట్టుకుని బరువు చూసింది. వైరును చివరిదాకా వేళ్ళతో తడిమింది. ఎక్కడా అతుకు లేదు.

"ఇకనుంచి బిల్లు కింద ఏం పడుతుందమ్మా?"

"మీ పేరు పడుతుందమ్మా."

"మరి మాయన?"

"తీసేస్తాం కదా. అది తప్పు కదమ్మా."

"మాయనా ఉంచి, పాయింట్లూ ఉంచలేవూ?"

"ఆ పేరుతో గుర్తింపు కాగితం ఉండాలమ్మా. అలాంటి మనిషి ఎక్కడుంటాడు చెప్పండి?" అని మేనేజరమ్మ నవ్వింది. నవ్వి, పెద్దమ్మ మొహం చూసి ఆపేసింది.

పెద్దమ్మ పెట్టె మీంచి చెయ్యి తీసేసింది.

"ఇవాళ కొత్తగా చేరేవాళ్ళకి కూడా కాగితం చూపించాలా?"

"కొత్తవాళ్ళకి అక్కర్లేదమ్మా. పాయింట్లేం ఉండవుగా. ఏ పేరు చెబితే అది రాస్తాం."

"అయితే ఆ పాతది కొట్టేసి, కొత్తది రాయి."

"పెద్దమ్మా!" అన్నాను.

"నువ్వుండరా."

మేనేజరమ్మ నావైపు చూసింది. నేను ఇస్త్రీ పెట్టె వైపు చూశాను. చివరికి ఆవిడ వేళ్ళు మీటల మీద పెట్టి, పదకొండేళ్ళ కిందటిలాగే అడిగింది. ఈసారి తల ఎత్తి అడిగింది.

"పేరమ్మా?"

"మాయన."

"మధ్యలో ఎడం వదలనా?"

"వద్దు తల్లీ. కలిపే రాయి."

ఒక సబ్బు కొంది. ఒకటే కొంది, మూడు కాదు. బిల్లు అడుగున ఒక్క పాయింటు, దాని కింద 'మాయన గారూ, మళ్ళీ రండి.' నీలం పెట్టె మళ్ళీ అద్దాల వెనక్కి వెళ్ళిపోయింది. ఇంటికి చేరి, పెద్దమ్మ చెప్పులైనా విప్పకుండా వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, ఆ బిల్లును తీగకు గుచ్చి, ఒకడుగు వెనక్కి వేసి చూసుకుంది. ఇక నావల్ల కాలేదు.

"పదకొండేళ్ళ పాయింట్లు, బంగారంలాంటి ఇస్త్రీ పెట్టె అక్కడ వదిలేసి, పట్టుబట్టి మరీ ఆ తప్పే మళ్ళీ రాయించుకొచ్చావా పెద్దమ్మా?"

"మరి దిద్దుకోడానికి ఆయనకేదో ఒకటి ఉండొద్దట్రా?"